బెర్రీలు పిడికెడు, తీపి గంపెడు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. ఇంట్లో మా ఆయన, రెండో క్లాసు చదివే పాప, షుగర్ ఉన్న మా అత్తయ్య, నేను. బెర్రీ స్మూతీ ఒంటికి చాలా మంచిదని అందరూ అంటుంటే, చిన్న డబ్బా బ్లూబెర్రీలు మూడు వందలు పెట్టి కొన్నాను. పిడికెడు బెర్రీలు, రెండు అరటిపళ్లు, నాలుగు ఖర్జూరాలు, రెండు పెద్ద చెంచాల తేనె, గ్లాసు పాలు, కొంచెం ఓట్స్, ఐసుముక్కలు వేసి మిక్సీ పట్టాను. రంగు బూడిదలా వచ్చింది. పాప ఒక్క గుక్క తాగి పక్కన పెట్టేసింది. మా ఆయన నాలుగు దోసెలు తిన్నాక, హెల్దీయే కదా అని గ్లాసున్నర తాగేశారు. ఇంకోసారి గడ్డకట్టిన స్ట్రాబెర్రీలు వేస్తే మధ్యలో మిక్సీ ఆగిపోయింది, పాలేమో విరిగినట్టు అయ్యాయి. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి జున్నులా బిగుసుకుంది. నేనేం తప్పు చేస్తున్నాను? అత్తయ్య తాగొచ్చా? ఇంత ఖరీదు పెట్టి బ్లూబెర్రీలే కొనాలా?

జవాబు: ముందు మిక్సీ సంగతి చూద్దాం. అది కాలిపోయిందేమోనని మీకు టెన్షన్‌గా ఉండి ఉంటుంది. చాలావరకు ఏమీ అయ్యుండదు. ప్లగ్ తీసేసి, మిక్సీని పక్కకు వంచి అడుగున చూడండి. ఎర్రదో నల్లదో చిన్న బటన్ ఉంటుంది. మోటారు మీద భారం ఎక్కువైతే అది బయటికి తన్నుకొచ్చి కరెంటు ఆపేస్తుంది. పావుగంట చల్లారనిచ్చి, దాన్ని లోపలికి నొక్కి మళ్లీ పెట్టి చూడండి. మన మిక్సీలు నానిన పప్పు రుబ్బడానికి, కొబ్బరి పచ్చడికి చేసినవి. రాళ్లలా ఉన్న స్ట్రాబెర్రీలు, ఐసుముక్కలు ఒక్కసారిగా పోస్తే బ్లేడు బిగుసుకుపోతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన పండ్లను పది నిమిషాలు బయట ఉంచండి. వేలితో నొక్కితే పైన కాస్త మెత్తబడాలి, లోపల చల్లగానే ఉండాలి. జార్‌లో పెరుగో పాలో ముందు పోసి, ఆ పైన మెత్తటివి, అన్నిటికన్నా పైన గట్టివి వేయండి. మొదట నాలుగైదు సార్లు ఆపి ఆపి తిప్పి, తర్వాత అర నిమిషం. అంతకన్నా తిప్పితే జార్ వేడెక్కి స్మూతీ గోరువెచ్చగా అవుతుంది. పైగా బెర్రీల్లోని సన్న గింజలు కూడా నలిగి చేదు దిగుతుంది.

ఇక మీరు వేసినవాటి లెక్క. మీ ఉత్తరం చదువుతూ నేను కాగితం మీద రాసుకున్నాను. ఓ మోస్తరు సైజు అరటిపండులో దాదాపు 14 గ్రాముల చక్కెర ఉంటుంది. రెండు కలిపి 28. తేనె పెద్ద చెంచాకు 17, రెండింటికి 34. చిన్న రకం ఖర్జూరాలే అనుకున్నా నాలుగింటికి 18 దాకా. గ్లాసు పాలలో సహజంగా ఉండేది 12. పిడికెడు బ్లూబెర్రీలు, అంటే ఓ 50 గ్రాములు, వాటిలో ఉన్నది 5. మొత్తం 97 గ్రాములు. టీ చెంచాతో కొలిస్తే ఇరవై చెంచాల పంచదార. అందులో బెర్రీల వాటా ఒక్క చెంచా! పేరు బెర్రీ స్మూతీ అన్నమాటే గాని, మీరు చేసింది అరటిపండు, ఖర్జూరం, తేనె కలిపిన పాయసం. మూడు వందలు పెట్టి కొన్న బ్లూబెర్రీ దానికి రంగు కూడా సరిగ్గా ఇవ్వలేదు.

పాలలో ఉండే చక్కెర, పండులో ఉండే చక్కెర, విడిగా పోసే చక్కెర అన్నీ ఒకే లెక్క కాదు, నిజమే. కానీ తేనెను మాత్రం చాలామంది మందు కింద జమకడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల్లో తేనెను కూడా విడిగా కలిపే చక్కెరల్లోనే చేర్చింది. అలాంటి చక్కెర రోజంతటికీ కలిపి 25 గ్రాముల లోపు ఉంటే మేలని ఆ సూచనలు చెబుతాయి. మీ తేనె ఒక్కటే 34 గ్రాములు. (మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. ఏడాది నిండని పసిపిల్లలకు తేనె నాకించే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. అది వద్దు, ప్రమాదం.)

అరటిపండు గురించి ఒక విచిత్రమైన సంగతి. కోసిన అరటిపండు కాసేపటికి నల్లబడుతుంది చూశారా, వంకాయ ముక్కల్లాగే? అలా నల్లబరిచే ఎంజైము బెర్రీల్లో ఉండే ఫ్లావనాల్స్ అనే మంచి పదార్థాలను కూడా దెబ్బతీస్తుంది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు 2023లో ఒక చిన్న పరీక్ష ఫలితాలు ప్రచురించారు. ఆ ఫ్లావనాల్స్‌ను విడిగా గొట్టంమాత్రలో మింగినప్పటితో పోలిస్తే, అరటిపండు స్మూతీతో తీసుకున్నప్పుడు రక్తంలో 84 శాతం తక్కువగా కనిపించాయట. బెర్రీల స్మూతీతో ఆ నష్టం లేదు. కొద్దిమంది మీద చేసిన పరీక్షే కాబట్టి దీన్ని పట్టుకుని అరటిపండును శత్రువులా చూడక్కర్లేదు. అరటిపండు ఉంటేనే పాప తాగుతుందంటే సగం వేయండి. కానీ పనిగట్టుకుని బెర్రీల కోసమే డబ్బు ఖర్చు పెట్టేవాళ్లు రెండు అరటిపళ్లు మాత్రం కలపకూడదు.

బూడిద రంగు ఎందుకొచ్చిందో చెబుతాను, ఇది పాపకు కూడా చూపించండి. బ్లూబెర్రీకి, నేరేడుకు, నల్ల ద్రాక్షకు ఆ రంగునిచ్చేవి ఆంథోసయనిన్లు. పులుపు తగిలితే అవి ఎర్రగా మెరుస్తాయి, పులుపు తగ్గితే నీలి బూడిద రంగులోకి మారతాయి. పాలలో పులుపు లేదు. నేను మొదటిసారి నేరేడు పండ్లను పాలలో వేసి తిప్పినప్పుడు అచ్చం తడి సిమెంటులా వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ గ్లాసు ముట్టుకోలేదు, నేను కూడా. ఈసారి చిన్న గాజు గ్లాసులో నాలుగు చెంచాల స్మూతీ పోసి, అర చెక్క నిమ్మరసం చుక్క చుక్కగా పాప చేతే పిండించండి. బూడిద కాస్తా గులాబీ రంగుకు తిరుగుతుంది. ఏడేళ్ల పిల్లకు అంతకన్నా ఏం కావాలి! తన చేత్తో రంగు మార్చిన గ్లాసు కాబట్టి తాగి తీరుతుంది. ఓట్స్ మానేసి పాలకూర వేద్దామని మాత్రం అనుకోకండి. ఎరుపూ ఆకుపచ్చా కలిస్తే వచ్చేది బురద రంగే.

స్ట్రాబెర్రీలతో పాలు విరిగాయన్నారు. అందులో మీ తప్పేం లేదు. నిమ్మకాయ పిండి పన్నీరు చేసే పద్ధతే అక్కడా జరిగింది. పండు పుల్లగా ఉంది, పాలు ముద్దకట్టాయి. తాగితే ప్రమాదమేమీ లేదు గాని చూడబుద్ధి కాదు. పెరుగైతే ఎలాగూ తోడుకున్నదే కదా, అందులో కొత్తగా విరగడానికేం లేదు. కాబట్టి బెర్రీలకు పెరుగే జోడీ. కాకపోతే రాత్రి తోడేసి పొద్దున తీసిన తియ్య పెరుగు కావాలి. మూడు రోజుల పులిసిన పెరుగు వేస్తే మళ్లీ తేనె సీసా దగ్గరికే వెళ్తారు.

జున్నులా బిగుసుకోవడం పెక్టిన్ పని. జామ్ గడ్డకట్టేది దానివల్లే. బ్లూబెర్రీల్లో అది బాగానే ఉంటుంది. దానికి మీ ఓట్స్ తోడై నీళ్లు పీల్చుకున్నాయి. పాడవలేదు, చెంచాతో తినేయొచ్చు. అయినా స్మూతీ చేసిన అరగంటలో తాగేదే. ఉదయం పట్టి సాయంత్రానికి దాచడం ఎందుకు?

మీరు అడిగిన పెద్ద ప్రశ్న, బ్లూబెర్రీలే కొనాలా అని. అక్కర్లేదు. బ్లూబెర్రీ మంచి పండే, కాదనను. కానీ చల్లటి దేశాల్లో ఊరిచివర పొదల్లో కోసుకుని తినేవాళ్లకు అది మన నేరేడు లాంటిది. మన దగ్గరికి వచ్చేసరికి అది బంగారం కొట్టు సరుకైపోయింది. అసలు బెర్రీ అన్న మాటే తికమక. వృక్షశాస్త్రం లెక్కన స్ట్రాబెర్రీ బెర్రీ కాదు, మీరు వేసిన అరటిపండు మాత్రం బెర్రీయే. ద్రాక్ష, టమాటా, ఆఖరికి గుత్తివంకాయ కూడా బెర్రీలే! అందుకని పేరు చూడకుండా, ముదురు రంగు, పులుపు, కాస్త వగరు ఉన్న పండు ఏ నెలలో ఏది దొరికితే అది తీసుకోండి.

చలికాలం మొదలైనప్పటి నుంచి మార్చి దాకా స్ట్రాబెర్రీలు. మహాబలేశ్వర్ నుంచి డబ్బాల్లో వస్తాయి. మన లంబసింగి చలిలో కూడా పండిస్తున్నారు. వంద గ్రాముల స్ట్రాబెర్రీల్లో చక్కెర 5 గ్రాములే, విటమిన్ సి మాత్రం దాదాపు 60 మిల్లీగ్రాములు. డబ్బా కొనేటప్పుడు పైన కాదు, తిరగేసి అడుగున చూడండి. అడుగు పండ్లు నలిగి డబ్బాకు ఎర్రటి నీరు అంటుకుని ఉంటే వదిలేయండి. ఇంటికి తెచ్చాక తొడిమలు తీయకుండా కడగాలి. తొడిమ తీసి కడిగితే నీరు లోపలికి వెళ్లి పండు చప్పబడుతుంది. ఎప్పుడు వాడితే అప్పుడే కడగండి, కడిగి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికే బూజు.

ఆ తర్వాత నల్ల ద్రాక్ష వస్తుంది. అది తియ్యటిది, వంద గ్రాములకు 16 గ్రాముల దాకా చక్కెర, కాబట్టి దానితో అరటిపండు అసలు వద్దు. ఇక మల్బరీ పండ్లు. మన పెద్దవాళ్లు కంబళి పండ్లు అంటారు. హిందూపురం, మదనపల్లె వైపు పట్టుపురుగుల కోసం మల్బరీ తోటలు పెంచుతారు గాని అక్కడ ఆకే పంట, పండును పట్టించుకునేవాళ్లు తక్కువ. మీకు తెలిసినవాళ్ల పెరట్లో చెట్టు ఉంటే మాత్రం మొహమాటపడకుండా గిన్నె పట్టుకెళ్లండి. రెండు రోజులు కూడా నిలవని పండు అది, వాళ్లే పిలిచి ఇస్తారు.

వీటన్నిటిలో నా ఓటు నేరేడుకే. తొలకరి వానలతో పాటు తోపుడు బండ్ల మీదికి వస్తుంది, నెలా రెండు నెలల్లో మాయమవుతుంది. అందుకే వచ్చినప్పుడే దాచుకోవాలి. ఓ కిలో పండ్లు కడిగి, పెద్ద గిన్నెలో వేసి, చిటికెడు ఉప్పు చల్లి చేత్తో పిసకండి. గింజలు జారిపోతాయి. తొక్క గుజ్జులోనే ఉండాలి, రంగంతా దానిలోనే ఉంది. పాత చీర కట్టుకుని చేయండి, ఆ మరక చచ్చినా పోదు. గింజలు ఏరేసిన గుజ్జును ఐసు ట్రేలో నింపి గడ్డకట్టించి, ముక్కలను డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే దీపావళి దాకా పనికొస్తాయి. ఒక్కో గ్లాసుకు మూడు నాలుగు ముక్కలు చాలు, వేరే ఐసు అక్కర్లేదు. నేరేడులోని వగరు నోరు పట్టేస్తుందని భయపడతారు గాని, పెరుగు కలిస్తే ఆ వగరు సగానికి సగం తగ్గుతుంది. బండివాడు పొట్లంలో ఉప్పు వేసి ఇచ్చేది ఊరికే కాదు. స్మూతీలో కూడా చిటికెడు ఉప్పు వేసి చూడండి, తీపి లేని లోటు తెలియదు.

స్ట్రాబెర్రీలు చవగ్గా ఉన్నప్పుడు అవీ ఇలాగే దాచొచ్చు. కడిగి, తుడిచి, తొడిమ తీసి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి. రాయిలా అయ్యాక సంచిలో వేయండి. అలా చేస్తే కావలసినన్నే చేతికి వస్తాయి. బయట గడ్డకట్టిన బెర్రీల ప్యాకెట్ కొనేటట్టయితే చేత్తో ఊపి చూడండి. లోపల గోళీల్లా గలగలమనాలి. మొత్తం ఒకే గడ్డగా ఉందంటే, దారిలోనో కరెంటు పోయినప్పుడో కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. అది తీసుకోవద్దు.

ఇప్పుడు నేను చేసే పద్ధతి. ఒక గ్లాసుకు ముప్పావు కప్పు తియ్య పెరుగు, వంద గ్రాముల స్ట్రాబెర్రీలు లేదా నాలుగు నేరేడు ముక్కలు, కావాలంటే సగం అరటిపండు. రాత్రి నానబెట్టి తొక్క తీసిన బాదం పప్పులు ఐదు, లేదంటే వేయించి పొట్టు తీసిన వేరుశనగలు ఒక చెంచా. ఓట్స్ బదులు పిడికెడు అటుకులు కడిగి ఐదు నిమిషాలు నాననిచ్చి వేస్తాను. ఓట్స్ లాగా జిగట రాదు, కడుపు నిండుతుంది. చివర్లో నానిన సబ్జా గింజలు ఒక చెంచా పైన కలుపుతాను, మిక్సీలో వేయను. ఇంతే. తేనె లేదు, ఖర్జూరం లేదు. స్ట్రాబెర్రీతో చేస్తే పండ్లవీ పెరుగుదీ కలిపి చక్కెర దాదాపు 20 గ్రాములే. మీరు చేసిన రెండు గ్లాసుల్లో ఒక్కో గ్లాసుకు 50 దాకా పడింది కదా, పక్కన పెట్టి చూసుకోండి. మొదటి రెండు రోజులు చప్పగా అనిపిస్తుంది. అప్పుడు ఒక్క ఖర్జూరం వేయండి, నాలుగు కాదు. వారంలో అది కూడా మానేస్తారు.

పొద్దున రాగి జావ తాగే ఇల్లయితే, చల్లారిన జావ అర గ్లాసు, పెరుగు అర గ్లాసు, పైన పండు వేసి తిప్పినా బాగుంటుంది. రంగు మాత్రం అడగొద్దు. స్టీలు గ్లాసులో పోసి ఇవ్వండి.

అత్తయ్యగారి విషయం. పండ్లను నమిలి తినడమే ఆవిడకు మేలు. స్ట్రాబెర్రీలు నాలుగైదో, నేరేడు పండ్లు గుప్పెడో కచ్చాపచ్చాగా కోసి చిన్న గిన్నె పెరుగులో కలిపి ఇవ్వండి. అందరితో పాటు గ్లాసు పట్టుకోవాలని ఆవిడకూ ఉంటుంది కదా, అప్పుడు అరటిపండు, ఖర్జూరం, తేనె, అటుకులు ఏవీ లేకుండా అర గ్లాసు, అదీ టిఫిన్‌తో కాకుండా పదకొండు గంటలకు. ఇంట్లో షుగర్ చూసే మిషన్ ఉంటే తాగిన రెండు గంటలకు ఒకసారి చూడండి. ఎవరి ఒంటి తీరు వాళ్లది, ఆ అంకె చెప్పినంత సూటిగా నేను చెప్పలేను. నేరేడు షుగర్‌కు మందని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. పండు తిననివ్వండి, కానీ దాన్ని నమ్ముకుని బిళ్ల మానేయనివ్వకండి. గింజల పొడి మొదలుపెట్టాలంటే డాక్టరును అడిగాకే. కిడ్నీ సమస్య కూడా ఉందంటే అరటిపండులో పొటాషియం ఎక్కువ కాబట్టి దాని సంగతీ ఆయన్నే అడగాలి.

మీవారి సంగతి చెప్పడం తేలిక. స్మూతీ అంటే మంచినీళ్లు కాదు, తాగే టిఫిన్. నాలుగు దోసెలు తిన్న మనిషికి ఆ రోజు స్మూతీ లేదు. స్మూతీ కావాలంటే రెండు దోసెలు తగ్గాలి. మీ ఊళ్లోనే, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, 2000 క్యాలరీల భోజనానికి రోజుకు పండ్లు 100 గ్రాములు అని లెక్క చెప్పింది. రసాలకన్నా పండును పండుగా తినమనీ అంది. ఒక గ్లాసు స్మూతీతో ఆ వంద గ్రాములూ అయిపోయినట్టే. (ఆ సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి అనే జబ్బు మీద పరిశోధనకు పుట్టింది, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఆ బెరిబెరికీ మన బెర్రీకీ చుట్టరికం లేదు లెండి.)

పాపకు చిన్న గ్లాసు చాలు, 150 మిల్లీలీటర్లకు మించొద్దు. బొమ్మలు చూస్తూ గంటసేపు చప్పరిస్తూ తాగనివ్వకండి, పులుపూ తీపీ కలిసి పళ్లను తినేస్తాయి. తాగాక నీళ్లు పుక్కిలించమనండి. బ్రష్ మాత్రం అరగంట ఆగాకే.

ఇంకొక్కటి. తను ఒక్క గుక్కతో ఆపేసిందన్నారు. రంగు ఒక్కటే కారణమై ఉండకపోవచ్చు. మీ మిక్సీ జార్ మూత తీసి, దాని చుట్టూ ఉన్న రబ్బరును చెంచా కొనతో పైకి లేపి బయటికి లాగండి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. మా ఇంట్లో ఆ పని చేసినప్పుడు వారం కిందటి అల్లం వెల్లుల్లి ముద్ద అక్కడే ఉంది.